‘ఏం కాదులే’ అనని వైద్యానికే ఎక్కువ మార్కులు: హాని భయాల ఓసీడీకి ఈఆర్‌పీ థెరపీ ఎలా ఉందంటే

కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే పిల్లాడు పాక్కుంటూ పక్కకి వస్తాడు. ‘వీణ్ణి దీని మీదికి తోసేస్తే?’ అని బుర్రలో ఒక మెరుపు. చాలామంది ‘ఛీ, ఇదేం పాడు ఆలోచన’ అనుకుని పిల్లాణ్ణి అవతలికి జరిపి మిగతా కాయ తరిగేస్తారు. కొందరికి మాత్రం బండి అక్కడే ఆగిపోతుంది. మర్నాటికి కత్తిపీట అటకెక్కుతుంది. వారానికల్లా కూర తరిగే పని అత్తగారి మీద పడుతుంది. నెల తిరిగేసరికి పిల్లాడు అమ్మమ్మగారింట్లో ఉంటాడు.

ఎదుటివాళ్లకి తన చేతుల మీదుగా హాని జరుగుతుందేమోనన్న ఈ భయం ఓసీడీలో ఒక రకం. ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్: వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, ఆ భయం తగ్గించుకోవడానికి పదేపదే చేసే పనులు. పదేపదే చేతులు కడిగే ఓసీడీ గురించి అందరికీ తెలుసు, ‘చాదస్తం’ అని నవ్వుకుంటారు కూడా. దీన్ని మాత్రం ఎవరూ పైకి చెప్పుకోరు. చెబితే బిడ్డని లాక్కుంటారనో, పిచ్చాసుపత్రిలో వేస్తారనో భయం.

దీనికి దొరికే చికిత్సల్లో ముందు చెప్పుకోవలసింది ఈఆర్‌పీ, అంటే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపెట్టేదానికి ఎదురుగా వెళ్లడం, వెళ్లాక భయం తగ్గించుకోవడానికి అలవాటుగా చేసే పని చెయ్యకుండా ఉండటం. సూత్రం ఇంతే. సరుకు మంచిదే కానీ అమ్మే దుకాణాలన్నీ మంచివి కావు. అందుకని ఇక్కడ థెరపీకి ఒక మార్కు, అది మన దాకా చేరే తీరుకి ఇంకో మార్కు.

ముందు జబ్బు ఎక్కడుందో తేలాలి. జబ్బు ఆలోచనలో లేదు. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో 13 దేశాల్లో 777 మంది విద్యార్థుల్ని అడిగితే, అంతకుముందు మూడు నెలల్లో పిలవని ఆలోచన ఒక్కటైనా వచ్చిందని దాదాపు 94 శాతం మంది ఒప్పుకున్నారు. బిడ్డకి కావాలని హాని చేస్తున్నట్టు ఆలోచన రావడం కొత్తగా తల్లయినవాళ్లలో దాదాపు సగం మందికి ఉంటుందని కెనడా పరిశోధకులు చూపించారు. అంటే మెరుపు అందరికీ ఒకటే. ‘ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నా లోపల ఏదో ఉంది, ఇప్పుడు జాగ్రత్త పడకపోతే తప్పు నాదే’ అని దానికి తగిలించుకునే అర్థంలోనే తేడా అంతా.

ఆలోచన వస్తే చేసినంత పాపం, అనుకుంటే జరిగిపోతుంది అన్న ఈ నమ్మకానికి సైకాలజీలో ఓ పెద్ద పేరుంది. మన ఇళ్లలో అంతకన్నా పాత పేరుంది: తథాస్తు దేవతలు. ‘చెడు మాట అనకు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు’ అని వింటూ పెరిగినవాళ్లం. మామూలు మనిషి ‘శాంతం పాపం’ అనేసి మరిచిపోతాడు. ఓసీడీ ఉన్న మనిషి లెంపలేసుకుని, ‘రామ రామ’ అని పదకొండుసార్లు అని, లెక్క తప్పిందేమోనని మళ్లీ మొదటికొస్తాడు. ఆచారాన్ని తప్పుపట్టడం లేదు. థెరపీ ఇచ్చేవాళ్లకి ఈ సంగతి తెలియకపోతే సగం జబ్బు వాళ్ల కంటికి కనపడదు, అదీ గొడవ. బయటికి మనిషి కదలకుండా కూర్చునే ఉంటాడు, లోపల పూజ నడుస్తుంటుంది.

ఇక ‘ఏం కాదులే’ సంగతి. ‘ఏవండీ, నేను బాబుని ఏమీ చెయ్యను కదా?’ అని భార్య అడుగుతుంది. ‘నువ్వా? చీమక్కూడా హాని చెయ్యవు’ అంటాడు భర్త. ‘అమ్మయ్య’ అనిపిస్తుంది. ఆ అమ్మయ్య ఆయుష్షు పది నిమిషాలు. తర్వాత ‘ఆయనకి నా మనసులో ఉన్నదంతా తెలియదుగా’ అన్న అనుమానం మొదలై, మళ్లీ అదే ప్రశ్న. అడిగినప్పుడల్లా భయం కాసేపు దిగుతుంది కాబట్టి, ‘అడిగాను గనకే గండం తప్పింది’ అని మెదడు నేర్చుకుంటుంది. కత్తులు బీరువాలో పెట్టి తాళం వెయ్యడం, పిల్లాడితో ఒంటరిగా ఉండకపోవడం, నెట్‌లో ‘తల్లే బిడ్డని చంపింది’ వార్తలు వెతికి తనతో పోల్చుకోవడం, అన్నీ ఈ ఖాతాలోవే. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ చేసే సాయమే జబ్బుకి మేత.

కాబట్టి ఓదార్పు తప్ప ఇంకేమీ ఇవ్వని మామూలు కౌన్సెలింగ్‌కి ఈ జబ్బు విషయంలో 5కి 1. మనిషి మంచిదే అయినా సరే. వారానికోసారి డబ్బు కట్టి ‘ఏం కాదులే’ కొనుక్కున్నట్టవుతుంది. మణికట్టుకి రబ్బరు బ్యాండు వేసుకుని ఆలోచన వచ్చినప్పుడల్లా చిటుక్కుమనిపించమనేవాళ్లు, ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అనేవాళ్లు, ధ్యానంతో ఆలోచనల్ని ఆపేయమనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆలోచనని తోసెయ్యబోతే అది ఇంకా గట్టిగా తిరిగొస్తుంది. వాళ్లకి ఆ 1 కూడా ఎక్కువే.

సరైన ఈఆర్‌పీ ఎలా నడుస్తుందో చూద్దాం. వారానికి ఒకటి చొప్పున 12 నుంచి 20 సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాల నుంచి గంటన్నర. మొదటి రెండు మూడు సెషన్లు లెక్కలకే పోతాయి, అలా పోవాలి కూడా. ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే వై-బాక్స్ అనే కొలత వేస్తారు. 10 ప్రశ్నలు, 40 మార్కులు. 16 నుంచి 23 మధ్య ఉంటే మధ్యస్థం, 24 నుంచి 31 దాకా తీవ్రం. చికిత్స పనిచేసిందనడానికి ఈ మార్కు కనీసం 35 శాతం తగ్గాలి. 26తో మొదలైతే 16కి రావాలన్నమాట. తొలి సెషన్లలో ఈ అంకె వెయ్యని థెరపిస్టు, మూడు నెలల తర్వాత ‘బాగానే ఉన్నారుగా’ అంటే దానికి ఆధారం ఏమీ ఉండదు.

తర్వాత మెట్లు కడతారు. ఒక్కో పరిస్థితికీ 0 నుంచి 100 దాకా భయం మార్కు మీరే వేసుకోవాలి. పైన చెప్పిన తల్లి విషయంలో మెట్లు దాదాపు ఇలా ఉండొచ్చు. ‘కత్తి’ అన్న మాట కాగితం మీద రాసి చూడటం 25. అటక మీది కత్తిపీట దింపి వంటింట్లో పెట్టుకోవడం 40. పిల్లాడు పక్కగదిలో ఉండగా కూర తరగడం 55. డైనింగ్ టేబుల్ దగ్గర పిల్లాడు కుర్చీలో కూర్చుని బిస్కెట్ తింటుండగా అదే టేబుల్ మీద చాకుతో ఉల్లిపాయలు కొయ్యడం 75. ఇంట్లో తనూ పిల్లాడూ తప్ప ఎవరూ లేని మధ్యాహ్నం, చాకు గట్టు మీదే ఉండటం 90. అన్నిటికన్నా కిందిమెట్టుతో మొదలుపెట్టాలన్న రూలేమీ లేదు. 40 దగ్గర మొదలుపెట్టడం చాలామందికి కుదురుతుంది.

ఇక్కడ నాణ్యత కనిపెట్టడానికి ఓ గీటురాయి ఉంది. ఆ ఇంట్లో మామూలు మనిషి రోజూ చేసే పనికి మించి చేయిస్తున్నారా? టేబుల్ మీద ఉల్లిపాయలు కొయ్యడం ఎవరైనా చేసేదే. కత్తిపీట పక్కన పాకే పిల్లాణ్ణి వదలమనడం ఎవరూ చెయ్యనిది, చేయించకూడనిది. ‘ధైర్యం పరీక్షిద్దాం’ అని అలాంటి విన్యాసాలకి దిగితే లేచి వచ్చేయండి.

మెట్టు ఎక్కడం ఎక్స్‌పోజర్. అందులో పెద్ద కష్టం ఉండదు, భయం తప్ప. అసలు పని రెండో సగంలో ఉంది. ఉల్లిపాయలు కోస్తూ లోపల ‘రామ రామ’ అనుకుంటే ఆ పూట ఎక్స్‌పోజర్ జరగనట్టే. ‘ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు సంతోషం వేసిందా? చెయ్యి కదిలిందా?’ అని తనను తాను తనిఖీ చేసుకున్నా అంతే. భయంతో బిగుసుకున్న చేతిలో సన్నగా ఏదో జివ్వుమంటుంది, దాన్ని ‘చెయ్యాలన్న కోరిక’ అని తప్పు చదువుకోవడం ఈ జబ్బులో మామూలు. చెడు బొమ్మ మీద మంచి బొమ్మ అతికించడం, నిన్నటి సంఘటనని రీలు తిప్పినట్టు మళ్లీ మళ్లీ చూసుకోవడం కూడా ఇవే లెక్కలోకి వస్తాయి. మంచి థెరపిస్టు ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాతా ‘లోపల ఏం చేశారు?’ అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న అడగనివాళ్ల దగ్గర పది సెషన్లయినా మార్కు కదలకపోవడానికి ముఖ్య కారణం ఇదే. అనుకోకుండా ‘రామ’ అనేశారనుకోండి, కంగారు అక్కర్లేదు. ‘అవును, పడిపోతే పడిపోనీ, చేసేస్తే చేసేస్తానేమో’ అని ఆలోచనని మళ్లీ కావాలని తెచ్చుకుంటే ఆ జపం రద్దయినట్టే.

వంటింట్లోకి తేలేని భయాలకి స్క్రిప్టు రాయిస్తారు. వర్తమానంలో, తన మాటల్లో, అరపేజీ నుంచి పేజీ. ‘నేను ఏ రోజో అదుపు తప్పుతానేమో. తప్పనని నాకు ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ అనుమానంతోనే ఇవాళ బాబుకి అన్నం పెడతాను.’ దీన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని రోజుకి 20, 30 నిమిషాలు వినాలి. స్క్రిప్టు చెడేది చివరి వాక్యం దగ్గర. ‘కానీ నాకు తెలుసు, నేనలా చెయ్యను’ అని ముగిస్తే మొత్తం మందు నీళ్లయిపోతుంది. ఆ వాక్యం కొట్టేసే థెరపిస్టుకి పని తెలిసినట్టు లెక్క.

పాత పద్ధతిలో భయం సగానికి దిగేదాకా కూర్చోబెట్టేవారు. ఇప్పుడు చాలామంది భయం దిగిందా లేదా అని చూడరు. ‘పది నిమిషాల్లో అదుపు తప్పుతానని అనుకున్నారు. పది నిమిషాలయింది. ఏం జరిగింది?’ అని అడుగుతారు. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాని మెదడుకి చూపించడం దీని ఉద్దేశం. భయం 80 దగ్గరే ఉన్నా సెషన్ గెలిచినట్టే కావచ్చు. ఇది ముందే చెప్పకపోతే జనం మూడో వారంలో ‘నాకు తగ్గట్లేదు’ అని మానేస్తారు.

ఫలితాల మాట. 2005లో అచ్చయిన ఒక పరీక్షలో 122 మంది పెద్దవాళ్లని నాలుగు గుంపులు చేశారు. చేరినవాళ్లందరినీ లెక్కేస్తే ఈఆర్‌పీ గుంపులో 62 శాతం మందికి బాగా మెరుగైంది, క్లోమిప్రమైన్ అనే ఓసీడీ మందుతో 42, రెండూ కలిపితే 70, ఉత్తుత్తి మాత్రతో 8. చివరిదాకా పూర్తి చేసినవాళ్లని మాత్రమే తీసుకుంటే ఈఆర్‌పీ అంకె 86కి వెళ్తుంది. 62కీ 86కీ మధ్య ఖాళీలోనే ఈ సరుకు లోపం అంతా ఉంది: పూర్తి చేస్తే గట్టి మందు, కానీ పూర్తి చెయ్యడం కష్టం. రోజూ ముప్పావుగంట నుంచి గంట హోంవర్క్ ఉంటుంది, మొదటి వారాల్లో భయం పెరుగుతుంది. అరమార్కు అందుకే కోత. థెరపీకి 5కి 4½.

దుకాణాలకి మాత్రం 2½. కారణం, బోర్డు మీద ఓసీడీ అని రాసుకున్నవాళ్లలో ఎక్స్‌పోజర్ నిజంగా చేయించేవాళ్లు తక్కువ. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి, ఆ నమోదు నంబరు (సీఆర్‌ఆర్ నంబరు అంటారు) అడగడంలో తప్పులేదు. మొదటి ఫోన్‌లోనే నాలుగు మాటలు అడగండి: హాని భయాల ఓసీడీ కేసులు చూశారా, సెషన్‌లోనే ఎక్స్‌పోజర్ చేయిస్తారా, లోపలి జపాల్ని ఎలా పట్టుకుంటారు, ఇంట్లోవాళ్లని ఒక సెషన్‌కి రమ్మంటారా. ‘ముందు చిన్నప్పటి మూలకారణం వెతుకుదాం’ అన్న జవాబు వస్తే ఫోన్ పెట్టెయ్యొచ్చు. 20 సెషన్ల ప్యాకేజీకి ముందే మొత్తం డబ్బు కట్టమనేవాళ్లని కూడా పక్కనపెట్టండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లో ఓపీకి వెళ్లొచ్చు. వీడియో కాల్‌లో చేసే ఈఆర్‌పీ ఈ రకానికి చాలాసార్లు ఇంకా నయం, ఎందుకంటే కత్తిపీట ఉన్నది మీ వంటింట్లో, వాళ్ల క్లినిక్‌లో కాదు.

ఇంట్లోవాళ్ల సెషన్ గురించి మరో మాట. ‘ఇకనుంచి జవాబు చెప్పొద్దు’ అని భర్తకి ఒక్కసారే ఆర్డరు వేస్తే ఇంట్లో యుద్ధమే. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ముందే ఒక వాక్యం ఒప్పుకోవాలి. ‘ఇది నువ్వు అడుగుతున్నట్టు లేదు, ఓసీడీ అడుగుతున్నట్టుంది. దీనికి జవాబు చెప్పనని అనుకున్నాం కదా. రా, కాసేపు నా పక్కన కూర్చో.’ జవాబు లేదు, తోడు ఉంది. రోజుకి ఇరవైసార్లు అడిగే ప్రశ్నని ఈ వారం పదికి, వచ్చే వారం అయిదుకి దింపితే చాలు. అత్తగారికి కూడా చెప్పాలి, లేకపోతే ఆవిడ వంటింట్లో ‘ఏం కాదులే తల్లీ’ అని గుట్టుగా ఇచ్చేస్తారు.

మందుల సంగతి. డిప్రెషన్‌కీ ఓసీడీకీ వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మాత్రలకి 5కి 4. ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: మోతాదు, గడువు. డిప్రెషన్‌కి సరిపోయే మోతాదు ఓసీడీకి చాలాసార్లు చాలదు. సెర్ట్రలిన్ రోజుకి 200 మిల్లీగ్రాముల దాకా, ఫ్లూఆక్సెటిన్ 60, ఒక్కోసారి 80 దాకా డాక్టర్లు వెళ్తారు, అదీ మెల్లగా పెంచుతూ. పనిచేసిందో లేదో తేల్చడానికి 8 నుంచి 12 వారాలు కావాలి. 50 మిల్లీగ్రాములు మూడు వారాలు వాడి ‘నాకు మందు పడలేదు’ అనడం తొందరపాటు. మొదటి రెండు వారాలు కొందరికి కడుపులో తిప్పొచ్చు, ఆ తర్వాత చాలామందికి సర్దుకుంటుంది. లైంగిక ఇబ్బందులు అలా సర్దుకోకపోవచ్చు, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి. పాతికేళ్ల లోపు వాళ్లని మొదట్లోనూ, మోతాదు మార్చినప్పుడూ దగ్గరుండి కనిపెట్టుకోవాలి. తగ్గాక కూడా ఏడాది రెండేళ్లు కొనసాగిస్తారు, సొంతంగా ఆపకూడదు. చీటీలో క్లోనజిపామ్ కలిసిన మాత్ర ఉంటే ఎన్నాళ్లకో అడగండి. అది ఆ పూట భయాన్ని మొద్దుబారుస్తుంది తప్ప ఓసీడీకి వైద్యం కాదు, ఎక్స్‌పోజర్‌కి ముందు వేసుకుంటే నేర్చుకోవలసింది నేర్చుకోనివ్వదు.

టెలీ మానస్, 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికీ, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నప్పుడూ మొదటి ఫోన్ ఇదే. 5కి 3½. ఇక్కడ ఈఆర్‌పీ చేయించరు. రోజూ రాత్రి ఫోన్ చేసి ‘నేను ప్రమాదకరమా’ అని అడగడం మొదలైతే అదీ ఒక జపమే.

కారులో పెట్టుకుని రోడ్డుని రికార్డు చేసే కెమెరాకి, అంటే డాష్‌క్యామ్‌కి, సున్నా. నవ్వకండి, ఈ జబ్బున్నవాళ్లు నిజంగా కొనే వస్తువు ఇది. గుంతలో చక్రం దడేలుమంటే ‘ఎవరినైనా గుద్దానా?’ అని యూటర్న్ తీసుకుని వెనక్కి వెళ్లడం హాని భయాల్లో ఇంకో ముఖం. వీడియో ఉంటే అనుమానం తీరుతుందనుకుంటారు. రాత్రంతా ఆ వీడియోనే ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తూ కూర్చుంటారు. ఆ డబ్బుతో ఒక సెషన్‌కి వెళ్లి, స్పీడు బ్రేకర్లున్న రోడ్డు మీద ఒక్కసారి పోయి, వెనక్కి తిరగకుండా, బంపరు తడమకుండా, పొద్దున పేపర్లో యాక్సిడెంట్ వార్త వెతక్కుండా ఉండటం నేర్చుకోవచ్చు.

ఓసీడీ కానిది కూడా ఉంటుంది, అక్కడ ఈ సమీక్ష పనికిరాదు. ఓసీడీలో ఆ ఆలోచనంటే మనిషికి అసహ్యం, దాన్నుంచి పారిపోతారు. పురుడైన కొత్తలో నిద్ర అవసరమే లేనట్టు తిరగడం, గొంతులు వినిపించడం, ‘ఈ బిడ్డలో ఏదో దుష్టశక్తి ఉంది’ అని గట్టిగా నమ్మడం, ఆ ఆలోచన తప్పనిపించకపోవడం వేరే జబ్బు. అది ప్రసవం తర్వాత వచ్చే సైకోసిస్ కావచ్చు. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిజంగా ఎవరి మీదైనా పగతో పథకం వేసుకుంటున్న మనిషి విషయం కూడా వేరే. ఈ తేడా తేల్చడం సైకియాట్రిస్టు పని. ఒకసారి తేలాక ప్రతి సెషన్‌లోనూ ‘ఇది ఓసీడీయే కదా?’ అని మళ్లీ తేల్చమనడం మాత్రం ఓసీడీ లక్షణమే.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకి సౌకర్యం ఎక్కువ. అమెరికాలో ఎన్‌ఓసీడీ లాంటి సంస్థలు వీడియోలో ఈఆర్‌పీయే ప్రధానంగా, ఇన్సూరెన్స్ మీద ఇస్తున్నాయి. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం మానసిక జబ్బుల్నీ శరీర జబ్బులతో సమానంగా బీమాలో చూడాలంటుంది కానీ, చాలా పాలసీలు ఓపీ ఖర్చే ఇవ్వవు గనక సెషన్ల డబ్బు జేబులోంచే. అయితే విదేశంలో థెరపీ ఇంగ్లీషులో నడవడంలో ఓ చిక్కు ఉంది. భయం వచ్చేది తెలుగులో. ‘హార్మ్ చేస్తానేమో’ అని రాసుకున్న స్క్రిప్టు చదివితే భయం మార్కు 30 దాటదు. ‘పొడిచేస్తానేమో’ అని రాస్తే చెయ్యి వణుకుతుంది. థెరపిస్టుకి తెలుగు రాకపోయినా స్క్రిప్టు తెలుగులోనే రాసి తెలుగులోనే రికార్డు చేసుకోండి. చివర్లో ఓదార్పు వాక్యం లేదని వాళ్లకి తెలిసేలా ఇంగ్లీషులో వరసగా అర్థం చెబితే సరిపోతుంది.